తవిటయ్య కట్టిన లోపలి మనిషి

తవిటయ్యని ఒకడుండేవాడంట గెడ్డవలసలో. వాడివి మామూలు చేతులు కావు బాబూ. ఆ పైవాడు మనుషుల్ని చేసి చేసి అలిసిపోయి, ఆఖర్న తన చేతులే విప్పి వీడికి తగిలించీసి, తాను మొండి చేతుల్తో కూచున్నాడనుకో. ఆ తరవాత పుట్టినోళ్ళం కాబట్టే మనం ఇలాగున్నాం. నవ్వకండి. ఆ కాలంలో ఏమైందంటే, ఊరు ఊరంతా బతికేది గోనెసంచుల మిల్లు మీద. ఓ పొద్దున్న పన్లోకి పోయేసరికి గేటుకి తాళం. కూత లేదు, పొగ లేదు, చెప్పేవాడు లేడు. లాకౌటన్నారు. ఇయ్యాల తీస్తారు, రేపు తీస్తారు అని జనం గేటు ముందర నిలబడి నిలబడి, ఆ నిలబడ్డ కాళ్ళ సందుల్లో గడ్డి మొలిచిందంట. మొలిచిన గడ్డిని మేకలు తిన్నాయి, మేకల్ని మనుషులు అమ్ముకున్నారు, మిల్లు మాత్రం తియ్యలేదు. అప్పుడు తవిటయ్య ఏమన్నాడంటే, తీస్తే తీసినారు, లేపోతే లేదు, నా ఇంటికి కావాల్సినది నానే సేసుకుంతాను, ఎవుడి గుమ్మం తొక్కను పొమ్మన్నాడు. అని ఊరుకున్నాడా? మిల్లు వాళ్ళు పారేసిన, నార చుట్టే చెక్క కండెలు ఏరి కుర్చీ చేసినాడు. విరిగిపోయిన సైకిలు చక్రం నూతికి గిలకగా ఎక్కించినాడు. గొడుగు ఊచ వంచి గాలం చేసినాడంట. ఆ గాలానికి పడిన చేప ఎంతదంటే, తల తవిటయ్య పొయ్యి మీద ఉడుకుతుంటే తోక ఇంకా ఏట్లో కొట్టుకుంటున్నాది. నేను చూసినాను. అబద్ధమైతే ఈ చుట్ట ఆరిపోవాల. ఆరిపోనాదా? అది గాలికి.

అన్నీ చేసుకున్నాడు గానీ, చేసుకున్నది చూసి బాగుందనడానికి ఒక్క మనిషి లేదు ఆ ఇంట్లో. పెళ్ళాం పారమ్మ మిల్లు మూసెయ్యకముందే పోయింది. పిల్లలు పుట్టలేదు. నిప్పుకీ ఉప్పుకీ కూడా పొరుగింటికి వెళ్ళడాయె, మరి పొరుగోళ్ళు మాత్రం ఎందుకొస్తారు? నిప్పు తానే పుట్టించుకుంటాడు, తాడు తానే పేనుకుంటాడు, క్షవరం కూడా పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, అందులో మొహం చూసుకుని తానే చేసుకుంటాడు. మంగలోడితో చెప్పుకునే నాలుగు ముక్కలూ పోనాయి. ఆ ఇంట్లో పారమ్మదని మిగిలినది ఒక్కటే, పడమటి గోడ. ఎర్రమట్టితో అలికినప్పుడు ఆవిడ నాలుగు వేళ్ళూ గోడ మీద ఆనించి అలలు అలలుగా లాగింది. ఆ వేళ్ళ చాళ్ళు అలాగే ఉండిపోనాయి. తవిటయ్య అంబలి ముంత పట్టుకుని రోజూ ఆ గోడ కేసి తిరిగి కూచుని తాగేవాడంట. ముంతలో ఉప్పు తక్కువైతే గోడ కేసి చూసేవాడంట, నువ్వే వేసినావన్నట్టు. మరి మట్టిగోడ కదా, దాని మీద కప్పేమో తాటాకు. ఆకు చివికిపోయింది. అంతకుముందు ఏడాది వానకి చూరు దగ్గర కారి, ఆ వేళ్ళ అలల్లో పైవరస కరిగిపోనాది. కరిగిన మట్టిని తవిటయ్య చేత్తో ఎత్తి మళ్ళీ మెత్తబోయినాడు. మెత్తితే అవి తన వేళ్ళవుతాయి గానీ ఆవిడ వేళ్ళవుతాయా? ఇంక ఆ ఏడాది వానలొచ్చేలోగా కప్పు నెయ్యకపోతే మొత్తం పోద్ది. అదీ సంగతి. దీన్ని బుర్రలో పెట్టుకోండి.

తాటాకు ఇల్లు నెయ్యడం చూసిన్రా మీరు? ఇప్పుడన్నీ రేకులే కదా, మీకేం తెలుసు. పైన ఒకడుండాల, లోపల ఒకడుండాల. పైనున్నవాడు ఆకు పరిచి, నార గుచ్చిన వెదురు సూదిని కప్పులోంచి కిందికి పొడుస్తాడు. లోపలున్నవాడు దాన్ని పట్టుకుని, వాసానికి అవతలి పక్క నుంచి మళ్ళీ పైకి పంపుతాడు. పైవాడికి లోపలేం జరుగుతోందో కనపడదు, లోపలివాడికి పైది కనపడదు. అందుకని పొడిచే ముందు పైనున్నవాడు కేకెయ్యాల, "సూదొస్తంది!" అని. చెయ్యి తీసుకుని లోపలివాడు "రానీ!" అనాల. అప్పుడే పొడవాల. ఇది మా తాతల నాటి కట్టు. తవిటయ్యకి లోపలి మనిషి ఎవరంటే పోలినాయుడు, వరసకి బావ. ఇద్దరూ కలిసి నేస్తే ఆ కప్పు మీద వాన పడి, ఇక్కడ దిగడానికి సందు లేదురా అని పక్క ఊరెళ్ళిపోయేదంట. అలాంటి జంట ఎందుకు విడిపోయిందంటే, ఓ సారి కరణంగారి పశువులశాల నేస్తుంటే కిందనెవరో తవిటయ్య పనిని మెచ్చుకున్నారు. తవిటయ్య ఆ మెప్పు చెవులారా వింటూ కేకెయ్యడం మరిచిపోయి పొడిచీసినాడు. సూది పోలినాయుడి అరచేతిలోంచి అటు తేలిపోనాది. రక్తం కారుతున్న చెయ్యి పట్టుకుని పోలినాయుడు బయటికొచ్చి, "కేకెయ్యలేదేటి బావా?" అని ఒక్క మాట అడిగినాడు. తప్పయిపోయిందిరా అంటే సరిపోను. తవిటయ్యకి జనం ముందర నామోషీ అయిపోయి, "ఏసినాను, నీకే సెవుడు" అనీసినాడు. అంతే! ఆ రోజు నుంచి మాటల్లేవు. ఎదురెదురు ఇళ్ళు, మధ్యన ఒక్క బండి దారి. చూసుకోరు.

అయితే వీధిలో ఇంకెవర్నన్నా పిలుచుకోవచ్చు కదా అంటారు. పిలవొచ్చు. కానీ అక్కడి కట్టేమిటంటే, ఇల్లు నెయ్యడానికి పిలిస్తే వచ్చినోళ్ళకి కడుపు నిండా కూడు పెట్టాల. పెట్టలేనోడు పిలవకూడదు, పిలవనోడు రాకూడదు. మిల్లు నడిచిన రోజుల్లో కప్పు నెయ్యడమంటే పెళ్ళే అనుకో, చేపల పులుసూ, కల్లు కుండలూ. ఇప్పుడు ఎవడింట్లో ఉందీ కూడు? అందుకని వీధిలో ప్రతీ కప్పూ చివికిపోనాది, ఎవడూ ఎవణ్ణీ పిలవడు, ఎవడూ ఎవడింటికీ పోడు. ఎవడి చిల్లు కింద వాడు గిన్నె పెట్టుకుని కూచున్నారు.

అప్పుడు తవిటయ్య చేసినాడయ్యా ఒక పని! లోపలి మనిషినే కట్టీసినాడు. ఎలాగంటే, ఇంటి నడిమధ్య నిట్టాడి స్తంభానికి ఒక వెదురు బద్ద విల్లులాగ వంచి కట్టినాడు. సూది కిందికి దిగి రేకు డబ్బా మీద తగలాల. తగిలితే మేకు జారాల, మేకు జారితే రుబ్బురోలు పొత్రం కిందికి దిగాల, పొత్రం దిగితే తాడు లాగాల, తాడు లాగితే బద్ద చివాల్న లేచి సూదిని అవతలి పక్క నుంచి పైకి తన్నాల. పొత్రాన్ని మళ్ళీ ఎత్తడానికి ఇంకో తాడు కప్పు మీదికి తెచ్చి తన కాలి వేలికి కట్టుకున్నాడు. దేవుడు చూసి నోరెళ్ళబెట్టినాడంట. పొరుగింటి సూరమ్మ కూడా చూసింది. "ఏటి మావా, ఇల్లు నేస్తన్నావా, దెయ్యాల్ని పడతన్నావా?" అంది. "మనిషిని సేసినాను" అన్నాడు. "కూడడగడు, కల్లడగడు, అలగడు." "మాటాడతాడేటి?" అంది. "మాట్లెందుకు, పనికా?" అని తవిటయ్య నిచ్చెన ఎక్కీసినాడు. సూరమ్మ కొంగు దులుపుకుని, "అయితే నీకు సరిగ్గా సరిపోనాడు మావా" అని ఎల్లిపోయింది.

ఏమైందంటే, మొదటి నాలుగు కుట్లూ బాగానే పడ్డాయి. డబ్బా టంగుమంటుంది, సూది ఎగురుతుంది. ఒక సూది ఎంత ఎత్తు ఎగిరిందంటే, పైన పోతున్న కొంగ దాన్ని చేపనుకుని మింగబోయి... సరే, అది వదిలేద్దాం. అంతలో లోపల దబ్బుమని పెద్ద చప్పుడైంది. కాలి వేలికున్న తాడు వదులైపోనాది. తవిటయ్య తాడు లాగి చూసినాడు, బరువేమీ తగల్లేదు. సముద్రం వైపు చూస్తే మబ్బు నల్లగా మేకల మందలాగ దిగుతోంది. దిగి బాగుచేద్దామా అనుకుని, ఏదో చూద్దామని ఇంకో సారి పొడిచినాడు. కాసేపు ఏమీ లేదు. ఆ తరవాత సూది వచ్చింది. ఎగిరి రాలేదు, మెల్లిగా వచ్చింది. వాసం పక్కనే, ఎక్కడ రావాలో అక్కడ, నార బిగిసి. తవిటయ్య కప్పు మీద తొడ కొట్టినాడంట. "సూసినావేటే సూరమ్మా! నలిగే కొద్దీ పదునెక్కతన్నాడు నా మనిషి!" అన్నాడు. సూరమ్మ తన వాకిట్లో నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంక పని జోరందుకుంది. పని జోరందుకుంటే మనిషికి మాటొస్తుంది కదా. ఎన్నాళ్ళ నుంచో లోపలుండిపోయిన మాటలు. ఎవరితో చెబుతాడు, ఆ యంత్రంతోనే చెప్పినాడు. మిల్లు ఇంక తియ్యరురా అన్నాడు. గాలానికి చేపలు పడటం లేదురా, ఊరికే ఏటొడ్డున కూకుంతన్నాను అన్నాడు. విన్నారా, చేప సంగతి? వాడు అలాగే అంటాడు, మీరు నా మాటే నమ్మండి. "పారమ్మ ఉన్నన్నాళ్ళూ పోలిగాడితో మాటాడమని నస పెట్టీదిరా" అన్నాడు. ఆకు పరిచి, "ఆ దినం నాను కేకెయ్యలేదురా" అన్నాడు. "ఎవుడో పొగిడితే ఇనుకుంటా ఉండిపోనాను. ఏసినానని అబద్ధమాడినాను. నువ్వు కర్రముక్కవి కాబట్టి నీతో అంతన్నాను" అన్నాడు. అని, ముక్కు చీది, సూది ఎత్తి గట్టిగా పొడిచినాడు. కర్రముక్కకి కేకెందుకు?

లోపల యంత్రం "అబ్బా!" అంది.

తవిటయ్య సూది మీద చెయ్యి అలాగే ఉండిపోనాది. గాలి ఆగిపోనాది, మబ్బు ఆగిపోనాది, కాకి ఎగురుతూ ఎగురుతూ గాల్లో నిలబడిపోయిందనుకో. ఆ గొంతు వాడికి తెలీదా? ఎన్ని కప్పుల కింద విన్నాడు ఆ గొంతు! దిగి లోపలికెళ్ళి చూద్దామంటే, చూస్తే వాడు పిలవకుండా వచ్చినాడని బయటపడిపోద్ది, వాడికి తలవంపు. కూడు పెట్టలేనోడు పని చేయించుకున్నట్టవుతుంది, తనకీ తలవంపే. ఇద్దరూ మళ్ళీ చెరో ఇంట్లోకీ పోవాల. చూడకపోతేనో? లోపల కర్రముక్కే ఉందనుకుని పొడుచుకుంటూ పోవాల ఆ చేతుల్ని. పెద్ద చినుకు ఒకటి పడింది వీపు మీద. తవిటయ్య సూదిని మెల్లిగా పైకి లాక్కున్నాడు. కొనకి ఎర్రగా ఉంది. పంచెకి తుడిచినాడు. నార ఎక్కించినాడు. ఆకు మీద కొన ఆనించినాడు గానీ పొడవలేదు. ఆకు మీదికి వంగి అన్నాడు, "సూదొస్తంది బావా."

చినుకులు టపటపమంటున్నాయి. పెరటి తలుపు చప్పుడవుతుందేమో, ఎల్లిపోతాడేమో అని తవిటయ్య ఆకు మీద చెవి ఆనించి పడుకుండిపోయినాడు. ఎంత సేపంటే, అంత సేపు. అప్పుడు వచ్చింది కింద నుంచి ఒక్క మాట.

"రానీ."

ఇంకేముంది! ఆ వానకీ వాళ్ళకీ పందెం. సూదొస్తంది, రానీ, సూదొస్తంది, రానీ. చినుక్కి ముందర కుట్టు, కుట్టు వెనకాల చినుకు. ఇంటి నడికొప్పు మీద ఆఖరి ఆకు బిగించేసరికి ఆకాశం కుండ బోర్లించినట్టు కురిసింది. అయితే ఆ కప్పులోంచి ఒక్క బొట్టు దిగితే ఒట్టు. తవిటయ్య తడిసి ముద్దయి దిగి లోపలికొచ్చేసరికి ఎవరూ లేరు. పెరటి తలుపు తీసి ఉంది. తాడు తెగి పొత్రం నేల మీద పడి ఉంది, దాని పక్కన వెదురు బద్ద విరిగి ఉంది. గోడ పొడిగా ఉంది, వేళ్ళ అలలు అలలు అలాగే ఉన్నాయి. గోడ దగ్గరున్న అంబలి ముంత తీసి చూస్తే సగమే ఉంది. తవిటయ్యకి కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయంట. ఎందుకు? పనికొచ్చినోడు కూడు తిన్నాడు. ఇంక పిలవలేదని ఎవడంటాడు? మిగిలిన సగం ఆ గోడ కేసి తిరిగి తాను తాగినాడు. ఆ రోజు ఉప్పు సరిపోయింది.

మరి ఇద్దరూ మాట్లాడుకున్నారా అంటే, లేదు. బండి దారికి అటొకడు ఇటొకడు, చూసుకోకుండానే పోయేవారు. మర్నాడు సూరమ్మొచ్చి, "మావా, నీ మనిషిని మాకోసారి ఇస్తావేటి, మా కప్పు కారతంది" అంది. తవిటయ్య ఏమీ ఎరగనట్టు ఆ తెగిన తాడూ, విరిగిన బద్దా, పొత్రమూ మోసుకెళ్ళి వాళ్ళింటి నిట్టాడికి ఆనించి, సగం ముంత అంబలి పెట్టమని, పెరటి తలుపు తీసి ఉంచమని చెప్పి కప్పెక్కినాడు. పైన "సూదొస్తంది" అంటే లోపల్నుంచి "రానీ" అంది యంత్రం. అలా ఆ వీధి వీధంతా నేసీసినారు ఆ యేడు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు, ఎవరూ ఎవరింటికీ రాలేదు. అంతా యంత్రమే చేసింది! దాన్ని నేను నా కళ్ళతో చూసినాను, తవిటయ్య ఇంటి మూలనుండేది. "తాతా, తాడు తెగిపోయింది కదా, మళ్ళీ కట్టుకోవేటి?" అని అడిగినాను కూడా. తవిటయ్య ఎదురింటి చూరు కేసి ఓ సారి చూసి, "కడితే పాడైపోద్దిరా" అన్నాడు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైతే ఈ చుట్ట ఆరిపోవాల. చూడండి. ఆరిందా? మరి.