వదిన కాశీలో వదిలింది

కాశీకా! ఎప్పుడు? గన్నవరంలో విమానమెక్కి, హైదరాబాదులో మారి, సాయంత్రానికల్లా గంగ ఒడ్డునుంటారా? భలే! మా రోజుల్లో రైల్లో కూచుని కూచుని నడుములు పడిపోయేవి. కూర్చో శాలినీ, పైకి వెళ్దువుగానిలే, లిఫ్టు ఎక్కడికీ పోదు. ఆఁ? అక్కడ ఏం వదలాలా? బాగా అడిగావు. ఒక కాయ, ఒక పండు వదలాలంటారు, అదీ బాగా ఇష్టమైంది. గంగలో వదిలాక మళ్ళీ జన్మలో నోట పెట్టకూడదు. మనవాళ్ళు గడుసువాళ్ళు కదా, కాకరకాయ వదిలేసి వచ్చేస్తారు. నవ్వకు, నేను వదిలిందీ అదే. బుద్ధెరిగినప్పట్నుంచీ నాకు కాకరకాయ గిట్టదు. పైవాడికి తెలీదా ఏంటి? తెలుసు. పోన్లే పాపం, పటమటవాడు అని ఊరుకునుంటాడు. మా నాగవల్లి వదిన మాత్రం అలా కాదు. ఆవిడ ఏం వదిలిందో మూడేళ్ళపాటు మా ఇంట్లో ఎవ్వరికీ తెలీలేదు. నేను రైల్వే పార్సిల్ ఆఫీసులో చేసినవాణ్ణి తల్లీ, మూట చూస్తే లోపలేముందో చెప్పేసేవాణ్ణి. నా వల్లా కాలేదు.

వదినని నువ్వు చూడలేదులే. పోయి ఇరవై ఏళ్ళు. ఇప్పుడీ అపార్ట్‌మెంట్ ఉన్నచోటే మా పెంకుటిల్లు ఉండేది. ముందు వాటాలో అమ్మా, అన్నయ్యా, వదినా. వెనక వాటాలో నేనూ మా శాంతా. అన్నయ్య రామ్మూర్తి నాకంటే ఆరేళ్ళు పెద్ద, సహకార బ్యాంకులో గుమాస్తా. పిల్లల్లేరు. ఎనభైమూడులో ఓ రోజు బ్యాంకుకని వెళ్ళినవాడు ఇంటికి రాలేదు. వెతకని చోటు లేదు. నాలుగు నెలలకి కార్డుముక్క వచ్చింది, హృషీకేశం నుంచి. "సన్యాసం పుచ్చుకున్నాను. ఆత్మశ్రాద్ధం కూడా అయింది. నా కోసం వెతకవద్దు." అంతే. సన్యాసం పుచ్చుకునేవాడు ముందు తన పిండం తనే పెట్టుకుంటాడు, తెలుసా నీకు? మా అమ్మ గుండెలు బాదుకుంది, "బతికుండగా పిండం పెట్టుకోవడమేంట్రా, వీడి బుద్ధి మండ!" అని. ఇక ఎదురింటావిడ వచ్చి, మెల్లిగా, "మరి... నాగవల్లి బొట్టు ఉంచుకోవచ్చాండీ?" అంది. వదిన లోపల్నుంచి వింది. బయటికొచ్చి, "ఆయన పిండం ఆయన పెట్టుకున్నారు, నా బొట్టు నేను పెట్టుకుంటాను, మీకు కాఫీ తేనా పిన్నిగారూ?" అంది. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టు.

వదిన హిందీ ప్రవీణ పరీక్ష పాసయిందిలే, పక్కనే ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరింది. అమ్మనీ తనే చూసుకునేది. ఎనభైతొమ్మిది దసరా సెలవుల్లో తోటి టీచర్లతో కాశీ వెళ్ళింది. మేమంతా ఏమనుకున్నామంటే, అన్నయ్యని వెతుక్కుంటూ వెళ్ళిందీ, పట్టుకొస్తుందీ అని. ఒక్కత్తే వచ్చింది, గంగ చెంబూ, విభూతి పొట్లాలూ. అమ్మ అడిగింది, "ఏం వదిలావే?" అని. "వదిలినదాని పేరు మళ్ళీ ఎత్తుకోవడమెందుకు అత్తయ్యా" అంది. ఇంకేం, మాకు నిద్రపట్టదే! నేను గుత్తివంకాయ అన్నా. శాంత, "కాదు, నూజివీడు రసాలు. చూస్తూండండి, వేసవి రానీండి" అంది. నెల రోజులు రోజుకో కూర గిన్నెలో పెట్టి పంపించింది మా ఆవిడ, కేవలం తెలుసుకుందామని. వంకాయ తిన్నది. దోసకాయపప్పు తిన్నది. పనసపొట్టు తిన్నది, పైగా ఆవ ఇంకొంచెం పడాల్సింది శాంతా అంది. వేసవిలో రసాలు టెంకతో సహా చీకింది. చక్రకేళి, సీతాఫలం, అన్నీ తిన్నది. "ఏమీ వదలకుండానే వచ్చిందండీ, ఒట్టి మాయ" అని తేల్చేసింది శాంత. నాకూ అంతే అనిపించింది.

ఆఁ, ఎక్కడున్నాం? తొంభైరెండు. కృష్ణా పుష్కరాలు. నాన్నకి పిండప్రదానం చేసి మెట్లెక్కుతున్నా. ఒకచోట సాధువులు వరసగా కూచున్నారు. ఒకాయన దగ్గాడు. ఒక్క దగ్గు, దాని వెనకే ఓ చిన్న మూలుగు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. చిన్నప్పట్నుంచీ పక్కమంచం మీద విన్న దగ్గు అది. గడ్డం, జటలూ, మనిషి సగమయ్యాడు. "అన్నయ్యా" అన్నా. తలెత్తి, "ఒరే తిరుపతీ" అన్నాడు, అంతే, మళ్ళీ సర్దుకుని, "నారాయణ, నారాయణ" అన్నాడు. నేను చెయ్యి వదల్లేదు. అమ్మ మంచంలో ఉంది, ఒక్కపూట భిక్షకి రా అని రిక్షా ఎక్కించా. దారంతా నా సంబరం చెప్పలేను. వదినకి ఎంత మేలు చేస్తున్నానో అనుకున్నా.

వాకిట్లో చూసింది వదిన. అరవలేదు, ఏడవలేదు. కాళ్ళకి నీళ్ళిచ్చింది. సన్యాసి ఎవరికీ మొక్కడు గానీ తల్లికి మొక్కుతాడు. అమ్మ కాళ్ళ మీద పడ్డాడు, అమ్మ వాణ్ణి తడుముతుంటే చూళ్ళేకపోయాం. వదిన వేరే అన్నం వండి విస్తరి వేసింది. నెయ్యీ తనే వడ్డించింది. అన్నయ్య తిని, చెయ్యి కడుక్కుని, గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. "నాగా" అన్నాడు. నారాయణ కాదు, నాగా. "మోకాళ్ళు పట్టేశాయి. తిరగలేకపోతున్నాను. ఇక్కడే ఓ మూల పడుంటాను" అన్నాడు. అమ్మ మొహం వెలిగిపోయింది. హమ్మయ్య అనుకున్నా నేను. వదిన కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, వంగి దణ్ణం పెట్టింది, ఎవరో పీఠాధిపతికి పెట్టినట్టు. లేచి అంది కదా, "స్వామీ, నేను కాశీ వెళ్ళినప్పుడు మిమ్మల్నే వదిలేసి వచ్చాను. గంగలో వదిలింది మళ్ళీ ముట్టకూడదు కదా. నాకంటే మీకే బాగా తెలియాలి ఆ శాస్త్రం." కోపంగానూ అనలేదు తల్లీ, స్కూల్లో పాఠం చెప్పినట్టు అంది. విస్తరి మడిచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

అన్నయ్య సంచీ తగిలించుకుని, "వస్తానమ్మా" అని మెట్లు దిగాడు. నేను వీధి చివరిదాకా వెనకే నడిచా. మా వాటాలో ఉండు అన్నయ్యా అని నేను అనాలి కదా? ఏం, రెండు గదులు లేవూ? అనలేదు. వదిన మొహం గుర్తొచ్చింది. వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి అమ్మ మీద ఎగిరా, "చూశావా నీ కోడలి గుండె!" అని. అమ్మ గోడవైపు తిరిగి పడుకునుంది. "నాకెప్పుడో తెలుసురా" అంది. "వాడు పోయినప్పట్నుంచీ మా ఇద్దరికే అయినా రోజూ మూడు గ్లాసుల బియ్యం పోసేది, వేళకి వస్తాడేమోనని. కాశీ నుంచి వచ్చిన రోజే రెండు పోసింది." చూశావా! మేము కంచంలో కూరలు లెక్కపెడుతూ కూచున్నాం, అన్నం గిన్నెలోకి చూసినవాడు లేడు.

ఏడాది మాట్లాడలేదు నేను వదినతో. తర్వాత, అమ్మ పోయాక, ఓ మధ్యాహ్నం నేనే అడిగా, ఉండబట్టలేక. "అది వైరాగ్యమా వదినా, కోపమా?" అని. నవ్వింది. "నాకూ తెలీదు తిరుపతీ. మామిడిపండు వదిలినవాళ్ళకి వేసవిలోనే కష్టం. నాకు రోజూ రెండుపూటలా, బియ్యం కొలిచేప్పుడు. మూడో గ్లాసు ముంచి, మళ్ళీ డబ్బాలో పోసేదాన్ని" అంది. మరి అదేనంటావా వైరాగ్యం? కాషాయం కట్టినవాడికి రానిది, చాక్‌పీసు చేతుల మనిషికి వచ్చిందంటావా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. నాకైతే తేలలేదు. అన్నయ్యకి ఇప్పుడు ఎనభైనాలుగు ఉంటాయి. ఉంటే.

వెళ్తావా? మంచిది, నువ్వు కాకరకాయ వదలకు, ఆ మోసం నాతో సరి. ఉండు, కుక్కరు పెట్టే వేళయింది. తినేది మేమిద్దరమేలే. శాంతా! బియ్యం పోశావా? మూడు గ్లాసులేనా? ...ఆఁ, పోసిందిట.