ఐసు దిమ్మ రావాల్సిన దారి

పిడుగురాళ్ల సెంటర్లో చెరుకురసం బండి దగ్గర ఆమె. ఐసు దిమ్మతో ఆటోలో, సున్నపు లారీల వెనక ఆమె భర్త. ఇద్దరి మధ్యా ఫోను.

“ఏందయ్యా, ఇంకా రాలా? వచ్చినోళ్లంతా ఐసు లేదని పోతన్నారు.”

“ఆటో ఆగినచోటే డీజిలు తాగతంది. ఐసేమో గోనెసంచిలోంచి కారిపోతంది. నిన్నా ఇంతేగా! ఇట్టయితే బండి అమ్ముకోవాల్సిందేనే.”

“ముందేమైందంట?”

“లారీ మలుపు తిరగలేక అడ్డంగా ఇరుక్కుందంట. ఎవడో బుద్ధిలేనోడు బండిని రోడ్డు మీదకి లాగి పెట్టాడంట.”

“ఏం బండంట?”

“చెరుకురసం బండంట.”

ఆమె తల తిప్పి తన బండి చక్రాల వంక చూసింది.

“ఏమే, ఉన్నావా?”

“ఉన్నా. లారీవోళ్లకి కనపడాలని నిన్నా ఇయ్యాలా పొద్దున లాగింది నువ్వేనయ్యా.”

“వెనక్కి నెట్టవే తల్లీ!”

“నెడతన్నా. ఐసు మిగిలితే తీసుకురా. నీళ్లే మిగిలితే ఆ బుద్ధిలేనోడి నెత్తిన పొయ్యి.”