ఐదేళ్లు దాటినవాళ్లు

బీమా ఆఫీసులో లెక్కలు కట్టే అమ్మాయి చెప్పిన అంకె మేనేజరుకి మింగుడుపడలేదు.

"ఎప్పుడో మూతపడ్డ ఆస్బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీకి ఇంత సొమ్ము పక్కన పెట్టాలా?"

"ఆ దుమ్ము పీల్చినవాళ్లకి జబ్బు ముప్పై ఏళ్లకి బయటపడుతుంది సార్. పరిహారం కోసం ఇంకా ఎంతమంది వస్తారో తెలీదు. రెండొందలు కావచ్చు, రెండు వేలూ కావచ్చు."

"లెక్క అడిగితే జాతకం చెప్తావేంటమ్మా? తగ్గించు."

"అక్కడ ఏడాదైనా పనిచేసినవాళ్లందర్నీ కలిపాను. ఐదేళ్లు దాటినవాళ్లనే కలిపితే సగానికి తగ్గుతుంది."

"అలాగే కానివ్వు."

ఆమె లెక్కల కాగితం మీద 'ఐదేళ్లు' అని రాసి తలెత్తింది.

"మీరూ కుర్రతనంలో అక్కడే చేశారటగా సార్. ఎన్నేళ్లు?"

"మూడు." ఆయన ఆ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. "ఐదని పెడితే... నాకు జబ్బు రానట్టేనా?"

"లెక్కలోకి మీరు రారు సార్. అంతే."