వస్తడు మేడం, వస్తడు

శుక్రారం పొద్దుగాల, సరిగ్గ పదకొండు గంటలు. అంత పక్కాగ ఎట్ల యాదికున్నదంటవా స్వప్నా? నా ఇజ్జత్ పోయిన గంట బిడ్డా, ఎట్ల మరుస్త? చిన్ని ఇస్కూలు ఇంటర్వ్యూల అమ్మమ్మ ఇంగ్లీషు మాట్లాడిందంట, చెప్పు చెప్పు అని పానం తీస్తున్నవు. ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టు. మీ అమ్మకు గూడ వినిపియ్యి, జర నవ్వుకుంటది.

కరోనా రెండో ఏడాది అది. జ్యేష్ఠం... కాదు కాదు, ఇంకా వైశాఖమే, మామిడికాయ తొక్కు పెట్టలే అప్పటికి. మేం సూరత్ పక్కన ఈ జోల్వాలనే ఉన్నం. మీ మామ రాజేశం బట్ట నేసె సాంచెల కాడ దినం పాళీ, పగటి డ్యూటీ చేస్తుండె. ఆయన బిడ్డ చిన్నికి ఇంగ్లీషు మీడియంల ఒకటో తరగతి సీటు కావాలె. ఉన్నయే రెండు మూడు సీట్లు, అడిగెటోళ్ళు గల్లికి పదిమంది. ఫోన్లనే మొఖాలు చూసుకుంట ఇంటర్వ్యూ అన్నరు. ఇంట్లోళ్ళు ఎవలన్న ఇంగ్లీషుల నాలుగు ముక్కలు మాట్లాడితే సీటు పక్కా అని పక్కింటామె చెప్పింది. ఆమెకెవలు చెప్పిన్రో నేను అడగలే. అడిగితే గింత కథ లేకపోవు.

మాట్లాడాల్సింది మీ అత్త లత. పదో తరగతి పాసైన పిల్ల. తీరా మూడు దినాలుండంగ ఆమెకు జరమొచ్చె, టెస్టు చేస్తే కరోనా అనిరి. లోపలి అర్రల తలుపేసుకొని పండుకున్నది. రాజేశం నాగా పెడితే ఆయన సాంచెలు ఇంకొకనికిస్తరు. ఇగ మిగిలిందెవలు? నేను. ముగ్గేసుడు, హారతిచ్చుడు తప్ప ఏం తెల్వనిదాన్ని.

తలుపు ఆ పక్క నుంచి లత చెప్పుడు, ఈ పక్క పీటేసుకొని నేను అనుడు. ఇంగ్లీషుల అన్నీ జంట మాటలే బిడ్డా. సే అన్నా చెప్పుడే, టెల్ అన్నా చెప్పుడే. సీ, లుక్, వాచ్, ఏదన్నా చూసుడే. “మరి ఏది ఎప్పుడనాలె?” అంటే “అలవాటైతది అత్తమ్మా” అంటది దగ్గుకుంట. జపం చేసుకుందామని కూసుంటే రామనామం నడుమ బ్రింగ్, టేక్ వచ్చి పడుతుండె. సూరత్‌కొచ్చిన కొత్తల గుజరాతీకి గింత కష్టపడలే నేను. కూరగాయలామెతోని కొట్లాడి నేర్చుకున్న. అప్పుడు రూపాయికి వంకాయలు ఎన్నొస్తుండెనో... ఏడున్న? ఆఁ, తలుపు కాడ.

అవన్నీ ఒక ఎత్తు, కమ్, గో ఒక ఎత్తు. వచ్చుడు, పోవుడు. అర్థం తెల్వదా? తెల్సు. కని నా నోటికి గో రాదు. మా అమ్మ నేర్పిన రివాజు అది. గడప దాటిన మనిషిని పోయిండు అనద్దు, వస్తడు అనాలె. మామూలు దినాలల్ల నోరు జారుతుండె, అబద్ధమెందుకు. కని ఆ నెల మా గల్లిలనే మూడిండ్లల్ల మనుషులు కాలం చేసిన్రు. అంబులెన్సు సప్పుడిన్నప్పుడల్ల తులసి కాడికి ఉరుకుతుంటి. పనిల ఉన్న కొడుకును పోయిండని ఏ భాషల అంట చెప్పు?

చిన్నికి రెండు జడలేసిన. నేను పట్టుచీర కట్టి, మాస్కు పెట్టుకొని కూసున్న. “నాయినమ్మా, మాస్కు తియ్యి. ఫోన్ల నుంచి కరోనా రాదు” అన్నది పిల్ల.

మేడం మంచిగనే ఉన్నది. చిన్ని పాట చెప్పింది, రంగులు చెప్పింది. ఆఖరికి మేడం నా దిక్కు చూసి, పిల్ల నాయిన ఏడి అని ఇంగ్లీషుల అడిగింది.

“హీ విల్ కమ్, మేడం.”

ఏడికి పోయిండన్నది.

“కమ్, మేడం. ఓన్లీ కమ్.”

“గాన్ టు వర్క్ అనుండ్రి అత్తమ్మా! గాన్!” లోపల్నుంచి లత.

“నువ్వు నోరు కడుక్కోపో” అన్న తలుపు దిక్కు మర్రి.

ఎప్పుడు పోయిండని మల్ల అడిగింది మేడం. రెండు చేతులు జోడిచ్చి, “కమ్, కమ్, హీ విల్ కమ్” అన్న. గో అనలేక కండ్లల్ల నీళ్ళు గూడ తిరిగినయి.

నా ఎనుక గోడకు మీ తాత ఫోటో, దండేసి. వయసున్ననాటి ఫోటో అది, అచ్చం రాజేశం మొఖమే. మేడం దాన్ని చూసింది, నన్ను చూసింది. కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది. సారీ ఆంటీ, పిల్లను మేం చూసుకుంటం అని మెల్లగ అన్నది. నా ఇంగ్లీషుకే కరిగిందనుకొని నేను “థ్యాంక్యూ, వెరీ థ్యాంక్యూ” అని ఒకటే నవ్వుడు!

లత తలుపు దబదబ బాదింది. “అత్తమ్మా! ఆయన సచ్చిపోయిండనుకుంటున్నరు ఆళ్ళు!”

దేవుని ముందల ఒప్పుకుంట స్వప్నా. ఒక్క గడియ నేను ఊకున్న. సీటు చేతుల పడ్డట్టే ఉన్నది, కాదంటే జారుతది. గంతల ఎనుకకు మర్రి చూస్తే దండల రాజేశమే కనబడ్డడు నాకు.

“గో, మేడం! గాన్ డ్యూటీ!” అని ఒర్రిన. అది గూడ సాలదనిపిచ్చి, బతికే ఉన్నడని హిందీల అందుకున్న, “జిందా హై మేడం! దిన్ పాళీ మే హై! షామ్ కో రోటీ ఖాయేగా!”

మేడం బిత్తరపోయి చూసి, నోటికి చెయ్యడ్డం పెట్టుకొని నవ్వుడే నవ్వుడు. “అరే బా, హిందీ ఆతీ హై తో హిందీ మే హీ బోల్నా థా నా!” హిందీ సాలునంట బిడ్డా! మూడు దినాలు పీట మీద నడుం పడిపోయింది ఉత్తగనే.

సీటు సంగతి మాత్రం తర్వాత చెప్తమన్నది. ఇంట్లోళ్ళు అబద్ధాలాడినరు అనుకున్నదో ఏమో అని మాపటిదాంక నాకు ముద్ద దిగలే. ఆరింటికి రాజేశం వచ్చి, సంగతి ఇని, “సీటు కోసం నన్నే సంపితివా అవ్వా” అని ఒకటే ఏడిపిచ్చుడు.

తెల్లారి ఏడింటికి మెసేజ్ వచ్చె. సీటు ఇచ్చిన్రు, తొమ్మిదింటికే క్లాసు. ఇంట్లున్నది ఒక్కటే ఫోను. రాజేశం దాన్ని చిన్ని ముంగట గోడకానిచ్చి పనికి బయలెల్లిండు. విజిల్ కొడితే మేడంకు వినబడ్తదని నేను కుక్కరే పెట్టలే. అటుకులు తడిపి, పెరుగేసి, ఒక గిన్నె లత తలుపు కాడ పెట్టిన, ఒకటి నా ఒళ్ళె పెట్టుకున్న. పిల్ల అటు అక్షరాలు చెప్తుంటే ఆమె ఆ పక్క, నేను ఈ పక్క, సప్పుడు రాకుండ మెల్లగ, మెల్లగ నములుకుంట...