చప్పుడుకన్న ముందొచ్చిన ఫట్‌ఫటి

మందమర్రి బొగ్గుబాయి ఇండ్ల లైన్లల మొదటి ఫట్‌ఫటి కొన్నది అంతయ్య. బాయిల కూలోళ్లను చూసుకునే సర్దారు ఆయన. బండి కొత్తది, ఎర్ర జావా. లారీ నుంచి దింపి ఎనిమిది రోజులైంది. ఆ రోజు పొద్దున అరుగు మీద కూసొని, పక్కన ధోతి కప్పి నిలబెట్టిన బండి మీద చెయ్యేసి, చెప్పుడు మొదలు పెట్టిండు.

వినేటోళ్లు ఇద్దరే. మగ్గం నేసే హనుమండ్లు, పక్కింటి శంకరవ్వ. శంకరవ్వ ఒళ్లె బట్టల మూట ఉన్నది. చెన్నూర్ల బిడ్డ ఇంట్ల ఆ రోజు మనుమరాలి పుట్టెంటికలు. అమ్మమ్మ తెచ్చే బట్టలు వచ్చేదాక పిల్లను పీట మీద కూసోబెట్టరు. పన్నెండు దాటితే మంచి గడియ పోతది. తొమ్మిది గంటల బస్సుకు బయలెల్లిన మనిషిని అంతయ్యనే ఆపిండు.

“బస్సెందుకు వదినె, నేను లేనా? జర కూసో. బండంటె గిది. సీటు మెత్తగ, టాంకి అద్దం లెక్క, అండ్ల చూసి మీసం దువ్వుకోవచ్చు. కిక్కు కొట్టే కడ్డీ, గేరు మార్చే కడ్డీ ఒక్కటే. పెట్రోలుల జర నూనె కలుపుడు, అంతే. మొన్న ఊకెనే మంచిర్యాల దాక పోయిన. బీడీ ముట్టిచ్చి ఎక్కిన, దిగేసరికి బీడీ సగం గూడ కాలలే.”

“గాలికి ఆరిపోయిందేమొ బావా,” అన్నడు హనుమండ్లు.

“ఆర్పాల్నంటె గాలి నన్ను అందుకోవాలె గద. ఇను. గాన్నుంచి రైలుకట్ట పక్క తోవ పట్టిన. కాజీపేట రైలు పోతుండె, డ్రైవరు కూత మీద కూత. దాటేసిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? పెద్దపల్లి టేషన్ల చాయ తాగి, గ్లాసు నేనే కడిగిచ్చినంక వచ్చింది రైలు. డ్రైవరు దిగి నా చేతులు పట్టుకున్నడు. అన్నా, జర మెల్లగ పో, నేను ఆలస్యం చేసిన్నని టేషను మాస్టరు అనుకుంటుండు, అన్నడు.”

అప్పుడే రోడ్డు మీద బస్సు హారను వినబడ్డది. శంకరవ్వ మూట పట్టుకొని లేవబోయింది.

“మరిదీ, బస్సు.”

“పోనియ్యి వదినె. గది మంచిర్యాల చేరేలోపు నిన్ను చెన్నూర్ల దించి, మర్లచ్చి, అన్నం తింట.”

ఆమె కూసున్నది. బస్సు పోయింది.

“జైనూరు ఘాట్ల సంగతి చెప్పలేదు గద. పులి అడ్డమొచ్చింది. గాండ్రిద్దామని నోరు తెరిసింది, గాండ్రిచ్చేసరికి నేను ఇంట్ల ఉన్న. తానం జేసి, రొట్టె తిని, కునుకు తీసి లేస్తె, అప్పుడు వినవడ్డది ఫట్ ఫట్ అని. ఎవలొస్తున్నరని తొంగి చూస్తిని. మనిషి లేడు, బండి లేదు. నా చప్పుడే, అప్పుడు చేరింది. పాపం, ఘాటంత నడుసుకుంట వచ్చినట్టున్నది.”

“నీడ గూడ అప్పుడే వచ్చిందా బావా?”

“అది ఇంక రాలే. జైనూర్లనే ఉన్నట్టున్నది.”

“మరి గిదెవలిది?” హనుమండ్లు అరుగు కింద నీడను చూపిచ్చిండు.

“గిది కొత్తది. బండితోని ఇచ్చిండ్రు.”

శంకరవ్వ ఎండ ఎక్కడిదాక వచ్చిందో చూసుకున్నది. అంతయ్య ఆగలే.

“నిన్ననైతె ఇంకింత జోరు మీద పోయిన. ఎంత జోరంటె, బయలెల్లక ముందే మర్లచ్చిన. వాకిట్ల చూస్తె నేనే నిలబడి తలకు రుమాలు కట్టుకుంటున్న. పోకురా, పని అయిపోయింది, అని నాకు నేనే చెప్పిన.”

“విన్నడా?” అన్నది శంకరవ్వ.

“ఎవలు?”

“గా రుమాలు కట్టుకునే అంతయ్య. నీ మాట విన్నడా?”

“విన్నడు.”

“మంచోడు. ఇగ లే మరిదీ, పొద్దెక్కింది.”

అంతయ్య లేవలే. “ఇంజను జర కాగాలె వదినె. ఎండ తగిలితె గాని లేవది.”

“కప్పి పెడితె ఎట్ల కాగుతది?” అని శంకరవ్వ పోయి ధోతి లాగేసింది.

ముంగటి చక్రానికి ఆనిచ్చి నిమ్మకాయ ఉన్నది. కొత్త బండికి పూజ జేసి పెట్టే నిమ్మకాయ, మొదటిసారి కదిలినప్పుడు చక్రం దాని మీదికెళ్లి పోవాలె. అది ఎండి గట్టివడ్డది గాని, ఒక్క గీటు గూడ పడలే. ఎనుక చక్రం కాడ ఇంకోటి. అదీ గంతే.

హనుమండ్లు వంగి రెండూ చూసిండు. నవ్వబోయి, శంకరవ్వ మొఖం చూసి ఊకున్నడు.

“నడ్పుడు ఇంకా రాదు వదినె,” అన్నడు అంతయ్య. “నేర్పే మనిషి వచ్చే వారం వస్తనన్నడు.”

“గా ముక్క బస్సు పోకముందు అనకపోతివి.”

అంతయ్య లేచి ఆమె చేతిల ఉన్న మూట తీసుకొని ముందుగాల నడిసిండు. బొగ్గు లారీలు పోయే రోడ్డు మీద చాన సేపు నిలబడ్డరు. వచ్చిన ప్రతి లారీకి ఆయన చెయ్యెత్తిండు. ఆఖరికి చెన్నూరు ఇటుకబట్టీలకు బొగ్గు తీస్కపోయే లారీ ఆగింది. పన్నెండులోపు చేరుస్తనన్నడు డ్రైవరు. శంకరవ్వ ఎక్కి కూసున్నంక అంతయ్య మూట అందిచ్చిండు.

“ఎల్లుండి వస్త మరిదీ,” అన్నది ఆమె, మూటకంటిన బొగ్గు పొడి దులుపుకుంట. “అప్పటికైన ఒక్క నిమ్మకాయ తొక్కియ్యి.”