కార్డుకు పెట్టిన బొట్టు

ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెప్తనేమో రాజూ, దానికి నన్ను కసురుకోకు. ఈ నడుమ నాకు దినాలు ఒకదాంట్ల ఒకటి కలిసిపోతున్నయి. అయినా నువ్వెప్పుడు వింటవురా ఈ అవ్వ మాట? కరెంటు ఉంటే చెవులకు ఆ డిప్పలు తగిలిచ్చుకుంటవు. కరెంటు పోతే బండి తీస్కోని పోతవు. ఇయ్యాల బండి మీ నాయిన తీస్కపోయిండు కాబట్టి దొరికినవు.

కూసో. ఆడ కాదు, ఈడ, నా ఎదురుంగ. నీ మొఖం నాకు కనపడాలె.

నీళ్లకు పిలువలే, గోలీలకు పిలువలే. సల్మాన్ సంగతి.

అదిగో! ఆ పేరు తీస్తె చాలు, మొఖం గోడ దిక్కు తిరుగుతది.

రేపు పొద్దున రాయచూరు పోతున్నడంట. వాళ్ల మామ ఆడ సెల్‌ఫోన్ల దుకాణంల పనికి పెట్టిస్తడంట. పాలు పోయించుకునే కాడ అనుకుంటుంటె విన్న. ఎందుకు పోవాలెరా వాడు? దసర దాంక గద్వాలల ఎవరింట్ల కంప్యూటర్ మొరాయించినా సల్మాన్‌నే పిలిచిరి. ఇప్పుడెవరూ పిలుస్తలేరు. నువ్వు ఇదే దుకాణంల, ఆటకొచ్చిన పిల్లగాండ్లందరి ముంగట, వాణ్ని దొంగ అన్నవు. వాళ్లు ఇండ్లకు పోయి చెప్పిండ్రు. ఇంక ఎవరు రానిస్తరు ఇంట్లకు?

ఆగు, ఆగు. నిన్నొక్కన్నే అంటలేను. దాంట్ల నా వంతున్నది. అది చెప్పనీకే పిలిచిన.

నీకు గిర్ని యాదికుండదు. నువ్వు కార్ల ఆట ఆడిపిచ్చే ఈ అర్రలనే మీ తాత పిండి గిర్ని ఉండె. ఆయుధపూజ నాడు పైన గరాటకు బొట్టు పెట్టి ఊకుంటె మీ తాత ఒప్పుకునెటోడు కాదు. "అది ఒట్టి డబ్బనే జమ్ములమ్మా, పని చేసేది లోపలి రాయి, దానికి పెట్టు" అనెటోడు. రాయి లేపిచ్చి, దాని గాట్లల్ల పసుపు రాసి కుంకుమ పెట్టేదాన్ని. పని ఎక్కడ అయితదో బొట్టు ఆడ పడాలె. నా చేతికి అదే అలవాటైంది.

దీనికీ దానికీ ఏం సంబంధమా? ఉంది. విను.

తెర మీద బొమ్మలు మెరిపిచ్చే ఆ గ్రాఫిక్స్ కార్డు కొనేటప్పుడు మీరిద్దరు ఎంత కొట్లాడుకున్నరు! నువ్వేమో, "ఐదు వందల పన్నెండు మెమరీదే తేవాలె, డబ్బ మీద పెద్ద నంబరు చూస్తే పిల్లగాండ్లు ఎగబడి వస్తరు" అంటివి. సల్మానేమో, "అరే భాయ్, నంబరు చూసి ఆగం కాకు, రెండు వందల యాభై ఆరుదే తీసుకుందాం, దాని మెమరీ తేజ్ ఉంటది" అనె. నేనూ నీ దిక్కే ఉంటి. పేపర్ల కంప్యూటర్ల పేజీ చదివేదాన్ని కద, నాకూ తెలుసన్న ధీమా. "పెద్దదే తేండ్రి, అదీ ఇదీ ఒక్కటే ధర చెప్తుంటె చిన్నది ఎందుకు?" అన్న.

అప్పుడు వాడు నా దిక్కు తిరిగి ఏమన్నడు? "అవ్వా, మీ గిర్నికి ఇంత పెద్ద గరాట పెట్టి, కింద బొక్క ఇంత సన్నగ ఉంచితె జొన్నలు బిరాన దిగుతయా?" అన్నడు. నాకు ఆడికాడికే సమజైంది. నీకు కాలే. ఇంకొక పేచీ పెడితివి. లోపల కరెంటు పంచే పాత ఎస్ఎంపీఎస్‌కు ఆ కార్డును నడిపే తాకతు లేదు, అదీ మార్చాలె అని వాడు అంటె, "కమీషన్ మిగుల్చుకుంటున్నవారా?" అన్నవు. "అవును, నీ పెండ్లి బరాత్‌కు జమ చేస్తున్న, ఎట్లాగు మీ నాయిన పెట్టడు" అన్నడు. ఎంత నవ్వినం!

ఆఖరికి వాడు చెప్పిన కార్డే ఖాయమాయె, హైదరాబాద్ పోయి తెచ్చింది వాడే. బస్సుల పైన పెడితె గుంతలకు అదురుతదని ఒళ్లె పెట్టుకోని వచ్చిండు. పాలమూరు కాడ దిగి చాయ తాగలేదంట, దాన్ని ఎవరికి అప్పజెప్పాలెనో తెల్వక.

బిగిచ్చిన దినం యాదుందా? ఆటల రోడ్డు మీద వాన కురిసి నీళ్లు మెరిసినయి. కారు అద్దంల మబ్బులు కనపడ్డయి. పిల్లగాండ్లు ఈలలేసిరి. నేను కూడ కండ్లద్దాలు తుడుచుకోని మళ్ల చూసిన. సల్మాన్ చేతులు కట్టుకోని ఎనక నిలబడి నవ్వుకుంటుండె.

అది ఆయుధపూజకు ముందటి దినం. ఇది నేను తప్పు చెప్తలేను కద? ముందటి దినమే.

ఆ, తెల్లారి మీరిద్దరు కంప్యూటర్ డబ్బలన్ని విప్పిండ్రు, దుమ్ము ఊదనీకి. ర్యాములు, కార్డు, తీగలు, అన్ని ఈ బల్ల మీద పేపరు పరిచి పెట్టిండ్రు. పూజైనంక బిగిద్దామని స్నానాలకు పోయిండ్రు. నన్ను కావలి కూసోమంటిరి. మీ అమ్మ కుంకుమ పళ్లెం తెచ్చి, "డబ్బలకు బొట్లు పెట్టత్తా" అని చెప్పి వంటకు పోయింది.

డబ్బలకు పెట్టిన. తెరలకు పెట్టిన. అప్పుడు ఆ కార్డు కనపడ్డది.

దాని కింది అంచు చూసినవు కద నువ్వు? దువ్వెనకున్నట్టు సన్నగ బంగారు పండ్లు, వరుసగ, జరీ లెక్క. అంత అందంగ చేసిండ్రంటే ఆ యంత్రం ప్రాణం ఆడనే ఉంటదనుకున్న. పని చేసేది ఇదే కద, డబ్బకు పెడితె ఏమొస్తది అనుకున్న. కుంకుమల నీళ్ల సుక్కలేసి కలిపి, ఆ బంగారు అంచు పొడుగునా బొట్లు పెట్టిన. తిప్పి, రెండో పక్క కూడ పెట్టిన. కండ్లకద్దుకోని, ఎట్లున్నదో అట్లనే పేపరు మీద పెట్టిన.

నవ్వుతున్నవా? నవ్వు. కాదా? మరి ఆ మూతి ఎందుకట్ల వంకర పోతున్నది?

బిగిచ్చినప్పుడు సల్మాన్ చెప్పిండు, ఆ అంచు వేలుతోటి ముట్టరాదని, మైల అంటితె కార్డు నడవదని. అది నేను మర్సిపోయిన. ఇదొక్కటి నిజంగనే మర్సిపోయిన, నమ్ము.

నువ్వొచ్చి సల్మాన్ కోసం కూడ ఆగలే. బయట పిల్లగాండ్లు షట్టర్ కొడుతుంటిరి. గబగబ అన్ని బిగిచ్చినవు. అంతట కుంకుమనే ఉంటె కార్డు మీది కుంకుమ నీ కంట్ల యాడ పడుతది? స్విచ్ వేస్తే పొడుగ్గ ఒక కూత, ఎనకనే చిన్నచిన్న కూతలు. తెర నల్లగ. అప్పుడే సల్మాన్ తల తుడుచుకుంట లోపలికి వచ్చె.

"నిన్న నడిచిన కార్డు ఇయ్యాల ఎందుకు నడుస్తలేదురా?" అన్నవు. "చూద్దాం తీయి" అన్నడు వాడు. "చెయ్యి పెట్టకు!" అని అరిచినవు. "ఇంతసేపు యాడికి పోయినవు? మంచిది బస్టాండ్ కాడి దుకాణపోనికి ఇచ్చి, పాతది ఈడ పెట్టినవు" అన్నవు. తీసి చూడనిస్తె వానికి ఒక్క నిమిషంల తెలుస్తుండె కద రాజూ! ఒక్కసారి తీయనియ్యలే నువ్వు.

వాడేం చేసిండు? ఒట్లు పెట్టలే, ఏడ్వలే. నా దిక్కు చూపిచ్చిండు. "అవ్వ ఈడనే కూసున్నది కద భాయ్, నేను పోయినంక బల్ల దగ్గరికి మళ్ల వచ్చిన్నా లేదా, ఎవరు ముట్టిండ్రు, అవ్వనడుగు" అన్నడు. నా మీద అంత నమ్మకం వానికి.

నువ్వు అడిగినవు. పిల్లగాండ్లందరు నా మొఖమే చూస్తున్నరు.

నేనేమన్న? "నాకేం యాదికి లేదు బిడ్డా" అన్న.

...కరెంటు వచ్చినట్టుంది. రానీ. ఆ మౌస్ ముట్టకు. తిరుగుతె తిరగనీ ఫ్యాను.

యాదికి లేదని ఎందుకన్ననో చెప్పనా? దసరకు ముందు పాలు పొయ్యి మీద పెట్టి మర్సిపోలేనా? గిన్నె మాడి ఇల్లంత పొగ. ఆ పూటనే మీ అమ్మ, "అత్తా, ఇంక వంటింట్లకు రాకు" అన్నది. కోపం చేసి అనలే, మంచిగనే అన్నది. అదే నొచ్చింది. వంటిల్లు పోయింది. నాకు మిగిలింది ఈ దుకాణంల ఈ కుర్చీ, ఇంత పేపరు, పిల్లల లొల్లి. కార్డుకు కుంకుమ పూసింది నేనే అంటె ఇదీ పోతది. ముసల్దానికి మతి తప్పింది, ఇంట్ల కూసోబెట్టుండ్రి అంటరు. అప్పుడు నేను యాడ కూసోవాలె?

అందుకని మరుపు లేని కాడ మరుపు తెచ్చుకున్న.

తర్వాత ఇంకొక పని కూడ చేసిన. బొట్టు ఎప్పుడు పెట్టినట్టు? కార్డు నడవకముందే పెట్టిననేమో అనుకున్న. ముందే పెట్టి ఉంటె, బొట్టుతోటే నడిచినట్టు కద? అట్లయితే నాది తప్పు కాదు. పండుకున్నా, కూసున్నా దాన్నే అటు తిప్పి, ఇటు తిప్పి. ముందటి దినాన్ని ఎనకకు, ఎనకటి దాన్ని ముందటికి. నా మతిమరుపుకు నేను ఎప్పుడూ ఏడుస్తనే కద, ఒక్కసారి అది నాకు పనికొచ్చింది. కొన్ని దినాలు హాయిగ అన్నం కూడ తిన్న.

అట్లనే ఉంటుంటినేమో. నువ్వే ఉండనియ్యలే.

నేనేం చేసిననా? బల్ల కింద ఊడుస్తుంటె రబ్బరు దొరికింది రాజూ. ఇస్కూలు పిల్లలు పెన్సిలు గీతలు తుడిచే రబ్బరు. ఒక పక్కంత ఎర్రగ. కార్డు అంచుకు మైల పడితె రబ్బరుతోటి మెల్లగ రుద్దాలని నేనూ చదివిన పేపర్ల. ఆ పొద్దే నీ కంప్యూటర్ల మళ్ల వాన కురిసింది. పిల్లగాండ్లు అడిగితె, "వేరే కార్డు తెప్పిచ్చిన" అన్నవు. యాడి నుంచి తెప్పిచ్చినవురా? ఎవరు తెచ్చి ఇచ్చిండ్రు?

నీకు ఆ దినమే తెలిసింది. కార్డు మారలే, సల్మాన్ మార్చలే, కుంకుమ నాది. అన్ని తెలిసినయి. నన్ను ఒక్క మాట అడగలే. వాని దగ్గరికి పోలే. మనిద్దరం ఇదే అర్రల, నువ్వు ఆ కుర్చీల, నేను ఈ కుర్చీల, ఒకరికి తెలిసింది ఒకరికి తెల్వనట్టు కూసున్నం.

"అవ్వ పేరు బయటికి రావద్దని ఊకున్న" అంటవా? అను. కొంచెం నిజమే ఉండొచ్చు. కానీ దొంగ అన్న మాట నువ్వు తిరిగి మింగాలె కద, అది కష్టమైంది నీకు. నాకు కుర్చీ, నీకు నీ ఇజ్జత్. మధ్యల వాడు రాయచూరు పోతున్నడు.

తల దించుకోకు. నన్ను చూడు.

ఏందీ, ఫోన్ చేస్తవా? ఫోన్ వద్దు. అందరు వినంగ దొంగన్నవు, ఫోన్ల గుసగుసలాడి మంచోడివి అంటవా? ముందు వాళ్లింటికి పోదాం. ఎనకకు వచ్చినంక, సాయంత్రం ఆటకొచ్చే పిల్లగాండ్లకు చెప్పాలె. నేనే చెప్త, ఈ కుర్చీల కూసోనే. తర్వాత ఈ కుర్చీ తీసేస్తరో, ఉంచుతరో మీ ఇష్టం.

ఏమన్నవు? మళ్ల చెప్పు?

"అవ్వకు మతి సక్కగ లేదు, తెల్వక చేసింది అని చెప్తె అయిపోతది." అదేనా నీ ఉపాయం?

వద్దు. అదొక్కటి చెప్పకు. నీ కాళ్లు మొక్కుత. బొట్టు పెట్టింది తెల్వకనే. కానీ వాడు నా దిక్కు వేలు చూపిచ్చి, "అవ్వనడుగు" అన్నప్పుడు నాకు అంత తెలుసు. కుంకుమ ఎన్నడు పెట్టిన, ఎట్ల పెట్టిన, వాడు బల్ల దగ్గరికి రానే రాలేదని, అంత తెలుసు. నా వేలుకు ఎరుపు ఇంకా ఉండె, కొంగుల దాసిన. మతి ఉండంగనే అబద్ధం చెప్పిన రాజూ. మతి లేక కాదు.

ఇయ్యాలనే ఎందుకంటవా? రేపటికి ఇది నిజంగనే మర్సిపోతె? పోతదిరా. మొన్న మీ తాత పేరు కూడ జరసేపు దొరకలే నాకు, ఎవరికీ చెప్పలే. ఇది కూడ అట్లనే జారిపోతె, తెలిసినోనివి నువ్వొక్కనివే మిగుల్తవు. నువ్వు చెప్తవా? చెప్పవు. నా మనుమడివి కద, నా అసొంటోడివే. అప్పుడు సల్మాన్ ఎన్నటికీ దొంగనే.

లే. చెప్పులేసుకో. దుకాణం మూసేయి, ఒక పూట ఆట లేకుంటె ఏం కాదు.

వాళ్లింట్ల ఏం మాట్లాడాలెనో వరుస పెట్టుకున్న. ముందు వాళ్ల దాదికి చెప్త, సల్మాన్ నాయిన గౌస్ పాషా తల్లికి. గిర్నికి జొన్నలు తెచ్చేది ఆమె, అప్పటి నుంచి ఎరుక. ఆమె తాజ్‌బీ. కోడలు, అంటే సల్మాన్ అమ్మ, కౌసర్... కాదు, కౌసర్ వాని చెల్లె. అమ్మ మెహజబీన్. మెహజబీనే కద? నాయిన గౌస్ పాషా, ఆయిన ఈ పొద్దుకు ఇంట్ల ఉండడేమో.

తప్పు మాఫీ చెయ్యమని పోయి తల్లిని చెల్లె పేరుతోటి పిలిస్తె, వాళ్లు కూడ అనుకుంటరు, దీనికి మతి లేదు పాపం అని. జాలిపడి ఊకుంటరు. అట్ల కావద్దు.

ఇంకొకసారి చెప్త, సరిగ్గ విను. తాజ్‌బీ. మెహజబీన్. చెల్లె కౌసర్. నాయిన గౌస్ పాషా. పిలగాడు సల్మాన్. ఉన్నయా అన్ని సక్కగ? ఏదన్న తప్పితె ఇప్పుడే చెప్పు రాజూ, వాళ్ల గడప ముందు కాదు.