గడప దాటిన నిప్పు

నాంచారమ్మని ఒక మంత్రసాని ఉండేదంట. మా ఊళ్ళో ఆమె చేతుల మీదుగా పుట్టనోళ్ళు లేరనుకో. నోరు కాస్త పెద్దది, అది వేరే సంగతి. అప్పట్లో అగ్గిపెట్టెలేవి? ఇంట్లో నిప్పు ఆరిపోతే పెంకు పట్టుకుని పొరుగింటికి పోయి రెండు నిప్పులు తెచ్చుకోవాల్సిందే. ఏమైందంటే, ఆ యేడు దీపావళి ముందు మూడ్రోజులు ముసురు పట్టింది. కురిసింది, కురిసింది, ఊరి చివర గుడిసెల్లో పొయ్యిలన్నీ నీళ్ళపాలైనయ్యి. నాంచారమ్మ పొయ్యీ అంతే. ఆ గుడిసెల్లోనే మంగి అని ఒక బాలింత. బిడ్డ పుట్టి ఐదో రోజు. మొగుడేమో ఉప్పు బండి కట్టుకుపోయి వాగవతల చిక్కుకున్నాడు. పండగనాటికి వాన ఆగింది గానీ చలి ఆగలా. బిడ్డ ఒళ్ళు చల్లబడి, ఏడవటం కూడా మానేసింది. ఏడిచే బిడ్డతో భయం లేదమ్మా, ఏడుపు మానిన బిడ్డతోనే భయం. నాంచారమ్మ "రొమ్ముకి పొదువుకుని ఉండవే, నిప్పు తెస్తా" అని మంగితో చెప్పి, పెంకు పట్టుకుని ఊళ్ళోకి పరిగెత్తింది.

పొద్దుగూకే వేళ. ఊరు చూస్తే దీపాలే దీపాలు. మొదటింటికి పోయింది. పండగపూట నిప్పు గడప దాటితే ఎనకమాలే లచ్చిందేవి ఎల్లిపోద్ది, రేపు రా అన్నారంట. రెండో ఇంటికి పోయింది. రేపు రా. మూడో ఇంటికి పోయింది. అక్కడా రేపే. "రేపటిదాకా బిడ్డ ఉండొద్దా!" అని తిట్టుకుంటా పోయి పోయి పిచ్చిరెడ్డి వాకిట్లో నిలబడింది. ఊరికి పెద్ద ఆయనే. ఆయన పుట్టిందీ దీపావళినాడే అనుకో, ఆ గొప్పకి ఏటా ఎన్నేళ్ళొస్తే అన్ని దీపాలు అరుగు మీద పెట్టించి, ఎదురుగా మంచమేసుకుని చూసుకునేవాడు. ఆ యేడు యాభై రెండు. "రెడ్డీ, పసిగుడ్డు చల్లబడిపోతంది, రెండు నిప్పులిప్పించు" అంది. "ఇయ్యాల ఇంట్లోంచి ఏదీ బయటికి పోకూడదు నాంచారీ. రేపొచ్చి అరిసెలు పట్టుకుపో, పేదోళ్ళందరికీ పంచుతున్నాగా" అన్నాడంట. అరిసెలెవడిక్కావాలి, నిప్పియ్యి అంది. ఆయనకి కోపమొచ్చింది. "ఊరి కట్టు తప్పావంటే ఇక ఏ ఇంటికీ నిన్ను పురుడుకి పిలవనియ్యను, చూసుకో!"

పిలవకపోతే ఆ ముసల్ది తినేదేముంది, మీరే చెప్పండి. అయినా జంకిందా? జంకలా. పెంకు తీసి అరుగు మీద ఠంగున పెట్టింది. "పిలవొద్దు! గంజి లేకపోతే గడ్డి తింటా. గానీ ఒక్క మాట చెప్పు. యాభై రెండేళ్ళ కిందట ఇదే ఇంట్లో, ఇదే దీపావళి పూట, మీ అమ్మ నొప్పులు పడతా ఉంది. ఇయ్యాల ఏదీ బయటికి రాకూడదని నేనూ చేతులు కట్టుకు కూర్చునుంటే, నువ్వెట్టా బయటికొచ్చేవాడివిరా?"

లోపల్నించి పిచ్చిరెడ్డి పెళ్ళాం ఆదెమ్మ, మొగుడి మొఖమన్నా చూడకుండా, పొయ్యిలో నిప్పులెత్తుకొచ్చి పెంకులో పోసిందంట. ఆ చేత్తోనే అరిసెల బుట్ట కూడా తీయబోతే, "బాలింతకి అరిసెలేం అరుగుతయ్యి తల్లీ? రెండు ఎండు కట్టెలియ్యి, ఒక పాత చీరియ్యి, నాలుగు రోజులకి నూకలియ్యి, కాసిని మిరియాలియ్యి" అని అడిగి మరీ కట్టించుకుందంట మూట. గుడిసెలో కుంపటి రాజేసి, పాత చీర వెచ్చబెట్టి చుట్టి, పొదువుకు కూర్చుంటే, కాసేపటికి బిడ్డ కెవ్వుమంది. వాగవతలున్న తండ్రిక్కూడా ఇనపడిందంటారు. అది కొంచెం ఎక్కువేలే.

మరి లచ్చిందేవి ఎల్లిపోయిందా అని అడుగుతారు మీరు. పోయిందో ఉందో నాకు తెలవదు గానీ, తెల్లారి పిచ్చిరెడ్డి లేచి చూసుకుంటే గాదె గాదెలాగే ఉందంట. అప్పట్నించీ మా ఊళ్ళో దీపావళికి మొదటి నిప్పు మా కోసం కాదు. ఎవరి పొయ్యి ఆరిందో చూసి, ముందు అక్కడ పెట్టొస్తాం. ఇయ్యకూడదని ఎవడన్నా నసిగాడా, నువ్వెట్టా బయటికొచ్చావురా అని అడుగుతాం. ఇంతవరకూ దానికి జవాబు చెప్పినోడు లేడు.